బట్ట తొడుగు కయాక్: ఏ కట్టె, ఏ బట్ట, ఏ పూత? తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణ ఒడ్డునో పెద్ద చెరువు పక్కనో ఉంటూ, కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి, పొడవాటి తేలికపాటి పడవ ఒకటి సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఈ పడవల గురించి ఇంగ్లీషులో రాసినవి చాలానే ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం చల్లటి సముద్రాల కోసం, మన అడితిలో దొరకని కట్టెను మనసులో పెట్టుకుని రాసినవే. పాలమూరు ఎండకు, మన ఒడ్డుల్లోని రాళ్లకు, మన బజారులోని సరుకుకు ఏది సరిపోతుందో చూసి రాసిన జవాబులు కింద ఉన్నాయి.

ఇది ఎలాంటి పడవ? మన పుట్టి లాంటిదేనా?

సూత్రం ఒకటే. లోపల కర్ర చట్రం, పైన నీళ్లు చొరని తొడుగు. బరువును చట్రం మోస్తుంది, నీళ్లను తొడుగు ఆపుతుంది. సోమశిల వైపు చేపలు పట్టేవాళ్లు వాడే పుట్టి కూడా ఇదే. వెదురు దబ్బలతో అల్లిన పెద్ద బుట్టకు ఒకప్పుడు తోలు తొడిగేవారు, తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, సంచులు పరిచి తారు పూయడం వచ్చింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు తొడిగిన గుండ్రటి బుట్ట పడవల్లో జనం నది దాటడం, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటించడం రాసిపెట్టాడు. ఆ నది తుంగభద్ర. అలంపూర్ దాటాక మన కృష్ణలోనే కలుస్తుంది. కాబట్టి ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు.

కయాక్ ఆకారం వేరు, పుట్టిన చోటు వేరు. గ్రీన్‌లాండ్ తీరంలో, అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల్లో పడవకు పనికొచ్చే చెట్లు పెరగవు. అక్కడి వేటగాళ్లు సముద్రం కొట్టుకొచ్చిన కట్టెలతో చట్రం కట్టి, సీల్, సముద్ర సింహం లాంటి జంతువుల చర్మం తొడిగేవారు. నీళ్లు చొరకుండా ఆ చర్మాలను కుట్టే పని ఆడవాళ్లది. మొత్తం పడవలో కష్టమైన విద్య అదే. చేతికందిన సరుకుతోనే అంత మంచి పడవ కట్టారు వాళ్లు. మనం కూడా ఇంగ్లీషు పుస్తకాలు చెప్పే రెడ్ సెడార్ కట్టె దొరకలేదని ఆగిపోనక్కర్లేదు.

పుట్టి గుండ్రంగా ఉంటుంది కాబట్టి బరువు బాగా మోస్తుంది, కానీ గిరగిరా తిరుగుతుంది. కయాక్ ఒక్క మనిషిని వేగంగా, తిన్నగా తీసుకుపోతుంది. వల వేయడానికి, సామాను మోయడానికి అయితే పుట్టే మేలు. ఆ పని కోసం కయాక్ కట్టుకోకండి.

బట్ట పడవ అంటున్నారు, మన రాళ్లకు తట్టుకుంటుందా?

మొదట అందరూ అడిగేది ఇదే. తట్టుకుంటుంది, కానీ రాయిని బట్టి. నున్నటి గుండు తగిలితే తొడుగు లోపలికి వంగి మళ్లీ బయటికి వస్తుంది. ఫైబర్ పడవ అయితే అక్కడ పగులుతుంది. పదునైన పలుగురాయి మీదుగా పడవను ఈడిస్తే మాత్రం ఏ బట్టా ఆగదు. శ్రీశైలం వెనక నీళ్లు వేసవిలో దిగిపోతుంటే మునిగిన మోడులు, పాత గోడలు నీటి మట్టానికి కాస్త కిందే ఉండిపోతాయి. బట్ట పడవకు అక్కడ ప్రమాదం ఎక్కువ. ఉదయసముద్రం, కోయిల్‌సాగర్ లాంటి చోట్ల అసలు తంటా ఒడ్డు దగ్గరే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పడవను నేల మీద ఈడ్చకుండా ఎత్తి పెట్టుకుంటే సగం చిరుగులు తప్పుతాయి.

ఎత్తడం కష్టమేం కాదు. ఐదు మీటర్ల బట్ట కయాక్ 12 నుంచి 18 కిలోలు తూగుతుంది. అంత పొడవే ఉండే ఫైబర్ కయాక్ మామూలుగా 22 కిలోలు దాటుతుంది. ఒక్కరే భుజాన పెట్టుకుని గట్టు దిగవచ్చు.

పొడవు బద్దలకు ఏ కట్టె కొనాలి? ఇంట్లో టేకు ఉంది, వాడొచ్చా?

వాడొచ్చు. కానీ కారణం తెలుసుకుని వాడండి.

పడవలో పొడవుగా నడిచే బద్దలు ఐదు. పై అంచున రెండు, అడుగున వెన్ను బద్ద ఒకటి, దానికి అటూ ఇటూ మలుపు బద్దలు రెండు. పై అంచు బద్దలు 20 మిల్లీమీటర్ల మందం, 50 వెడల్పు, మిగతా మూడు 20 మందం, 25 వెడల్పు అనుకుందాం. ఐదు మీటర్ల పడవకు ఇవన్నీ కలిపి 0.0175 ఘనపు మీటర్ల కట్టె అవుతుంది. పైన్ ఘనపు మీటరు దాదాపు 480 కిలోలు, అంటే ఎనిమిదిన్నర కిలోల లోపు. టేకు 650 అనుకుంటే పదకొండున్నర కిలోల లోపు. 800 దాకా తూగే గట్టి కట్టె ఏదైనా తీసుకుంటే 14 కిలోలు.

పైన్‌కూ టేకుకూ తేడా మూడు కిలోలే. ఆ మూడు కిలోల కోసం ఉన్న టేకును వదులుకోనక్కర్లేదు. టేకుతో ఇబ్బంది బరువు దగ్గర కాదు. దానిలో నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు అతుకు ముఖాలను థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు వేయాలి. రెండోది, తిన్నటి నారతో పొడవాటి టేకు దొరకడం కష్టం, దొరికితే ధర మండిపోతుంది. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన వాసాలు ఉంటే అవి బంగారమే. బాగా ఆరి ఉంటాయి, చేవ కట్టె ఉంటుంది. రంద పట్టే ముందు మేకులన్నీ పీకించండి. లేకపోతే వడ్ల ఆయన మీకు ఇంకోసారి పని చేసిపెట్టడు.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా పైన్. తలుపులు, ఫర్నిచర్ కోసం తెప్పించిన పైన్ పెద్ద అడితుల్లో ఉంటుంది. చవక, తేలిక, రందకు లొంగుతుంది, జిగురు పడుతుంది. తడిలో ఎక్కువ కాలం ఉంటే కుళ్లుతుంది, నిజమే. కానీ ఈ పడవ నీళ్లలో నిలబెట్టేది కాదు. వాడాక ఇంటికి తెచ్చి ఆరబెట్టేది. చట్రానికి రెండు చేతులు అవిసె నూనె (డబ్బా మీద ‘బాయిల్డ్’ అని ఉండేది, ఇంట్లో ఉడకబెట్టేది కాదు) పట్టిస్తే చాలు. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

మద్ది, వేప తలుపు చట్రాలకు మంచివి. ఇంత సన్నటి బద్దలకు పనికిరావు. బరువుతో పాటు నార మెలికలు తిరిగి ఉంటుంది.

అడితిలో బద్దను ఎలా చూసి తీసుకోవాలి?

ఏ చెట్టు అన్నదానికన్నా ఏ బద్ద అన్నది ముఖ్యం. మంచి పైన్, చెడ్డ టేకు కన్నా ఎప్పుడూ మేలు.

మొదట నార చూడండి. బద్ద పక్కన కనిపించే గీతలు ఒక చివర నుంచి మరో చివర దాకా అంచుకు సమాంతరంగా పోవాలి. మధ్యలో ఎక్కడైనా అంచు దాటి బయటికి పోతే, వంచినప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది. తర్వాత ముడులు. చిటికెన వేలి గోరంత గట్టి ముడి బద్ద మధ్యలో ఉంటే పర్వాలేదు. అంచున ఉంటే వద్దు. నల్లగా, కదులుతూ ఉన్న ముడి ఎక్కడున్నా వద్దు. ఆ తర్వాత బద్దను నేల మీద ఆనించి మధ్యలో మెల్లగా నొక్కండి. ఒంపు ఒకే తీరుగా రావాలి. ఒక చోట మడత పడినట్టు కనిపిస్తే అది పక్కన పెట్టండి.

షాపువాళ్లు చిరాకు పడతారు. తలుపు చట్రానికి ఇంత చూసేవాళ్లు ఎవరూ ఉండరు కదా. పలకలుగా కొనుక్కుని, సా మిల్లులో మీ కొలతకు కోయించుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. పలకలో మంచి భాగం ఎక్కడుందో చూసి అక్కడి నుంచే బద్దలు తీయించుకోవచ్చు. కోసే రంపానికి పోయే పొట్టును కూడా లెక్కలో వేసుకోండి.

ఐదు మీటర్ల బద్ద ఒకే ముక్కగా దొరకదు. రెండు ముక్కలను ఏటవాలుగా కోసి అతకాలి. మందానికి కనీసం ఎనిమిది రెట్లు అతుకు పొడవు ఉండాలి. 20 మిల్లీమీటర్ల బద్దకు 160. రెండు వైపులా అతుకులు ఎదురెదురుగా రాకుండా ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు పెట్టండి. జిగురు ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడేది అయితే మంచిది. మామూలు తెల్ల జిగురు తడికి వదిలేస్తుంది, నీళ్లకు ఆగే రకం అని డబ్బా మీద ఉన్నదే తీసుకోవాలి. ఇంకో మాట. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఆ వేడి రావడం వింత కాదు. అందుకే అతుకు మీద దారం కూడా బిగించి చుట్టండి.

వెదురుతోనే మొత్తం కట్టొచ్చు కదా?

కట్టొచ్చు, కట్టినవాళ్లు ఉన్నారు. కానీ బొంగును బొంగుగా వాడటం మన వాతావరణానికి అంత మంచిది కాదని నా అభిప్రాయం. ఎండాకాలంలో బోలు బొంగు నిలువునా పగులుతుంది. కణుపుల దగ్గర ఎత్తుపల్లాలు తొడుగును లోపల నుంచి రాస్తాయి. అతకడం కూడా కష్టం.

చీల్చిన వెదురు వేరే సంగతి. పక్కటెముక బద్దలకు, అంటే పొడవు బద్దలకు అడ్డంగా వంచి పెట్టేవాటికి, దాన్ని మించినది మన దగ్గర లేదు. చల్లటి దేశాల్లో ఈ ఎముకల కోసం పచ్చి ఓక్, యాష్ కట్టెలను ఆవిరి పెట్టెలో మగ్గబెట్టి వంచుతారు. మనకు ఆ చెట్లూ లేవు, ఆ అవసరమూ లేదు. దక్కనులో ఎక్కువగా పెరిగే సాధనం వెదురు దాదాపు గట్టిగా, లోపల బోలు తక్కువగా ఉంటుంది. దాన్ని 25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 నుంచి 8 మందం ఉండే దబ్బలుగా చీలిస్తే చక్కగా వంగుతుంది. లోపలి మెత్తటి భాగాన్ని చెక్కేసి, పైపచ్చను ఉంచాలి. బలం అంతా ఆ పైపొరలోనే ఉంది. వంచేటప్పుడు పైపచ్చ బయటి వైపుకు రావాలి. కణుపులు గట్టి మలుపు ఉన్నచోట పడకుండా చూసుకోవాలి. వేడి నీళ్లలో నాననిచ్చి, గుడ్డతో పట్టుకుని మెల్లగా వంచి, ఆరేదాకా కట్టి ఉంచితే అదే ఆకారంలో నిలిచిపోతుంది. ఎముకకూ ఎముకకూ మధ్య జానెడు దూరం లోపే ఉండాలి.

ఈ పని తెలిసినవాళ్లు మేదరివాళ్లు. బుట్టలు, తడకలు అల్లే ఇంటికి వెళ్లి మీ కొలత చెప్తే, మీరు రోజంతా చీల్చి పాడుచేసేది వాళ్లు గంటలో ఒకే మందంతో తీసిస్తారు. అడిగిన కూలి ఇవ్వండి, బేరమాడకండి.

వెదురుకు అసలు శత్రువు పుప్పి పురుగు. లోపలి పిండి పదార్థం కోసం అది తొలుస్తుంది. ఆర్నెల్లకు చట్రం కింద పిండి రాలుతూ కనిపిస్తే అదే. ముదిరిన వెదురు, అంటే కనీసం మూడేళ్లది తీసుకోవాలి. చీల్చిన దబ్బలను వెలిగారం, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఈ మందు నీళ్లలో కరిగేదే కాబట్టి, ఆరాక పైన నూనెగానీ వార్నిష్‌గానీ పట్టించకపోతే తడిసినప్పుడల్లా కొంత కొంత కొట్టుకుపోతుంది.

అడవిలో కొట్టుకొస్తే పోలేదా అని అడుగుతారు. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది, అక్కడ కొట్టడం నేరం. 2017లో చట్టం మార్చి అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. కాబట్టి పొలం గట్టు మీద పెంచినవాళ్ల దగ్గర కొనుక్కోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

వంచడం నాకు రాదు. ప్లైవుడ్ ఫ్రేములతో కట్టొచ్చా?

ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే సులువు. పడవను అడ్డంగా కోసినట్టు ఉండే ఐదారు ఫ్రేములు ప్లైవుడ్‌లో కోసి, వాటి చుట్టూ పొడవు బద్దలను కట్టుకుంటూ పోవడమే. ఎముకలు వంచే పని ఉండదు. కాస్త బరువు పెరుగుతుంది. కాళ్లు ఫ్రేములకు తగలకుండా కొలత ముందే చూసుకోవాలి.

12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి. ఐఎస్ 303 అని ఉన్నది వేరే ప్రమాణం, అందులో ఎంఆర్ రకం (గాలి తేమకు మాత్రమే ఆగేది) తడికి విప్పుకుపోతుంది. ముద్ర మీద నమ్మకం లేకపోతే అరచేతి ముక్క అడిగి తెచ్చుకుని, కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షాపు వదిలేయండి. కోసిన అంచులకు ఎపాక్సీ పట్టించడం మర్చిపోకండి, నీళ్లు చేరేది అక్కడి నుంచే.

అల్యూమినియం పైపులు? పీవీసీ పైపులు?

అల్యూమినియం బాగానే పనిచేస్తుంది, మడతపెట్టే కయాక్‌లు చాలావాటిని దానితో చేస్తారు. మన నీళ్లు ఉప్పు నీళ్లు కావు కాబట్టి తుప్పు భయం లేదు. కిటికీల షాపులో దొరికే పలుచటి సెక్షన్లు కాకుండా గుండ్రటి గొట్టాలు తీసుకోవాలి.

పీవీసీ వద్దు. ఎండలో వంగిపోతుంది.

బద్దలను మేకులతో కొట్టాలా, దారంతో కట్టాలా?

దారంతో. నీళ్లలో చట్రం ప్రతి అలకూ కొంచెం మెలి తిరుగుతుంది. మేకు కొడితే ఆ మెలి అంతా ఒక్క రంధ్రం దగ్గర పడి కట్టె చీలుతుంది. దారపు కట్టు కాస్త కదలనిస్తుంది.

విదేశాల్లో దీనికి వాడేది మైనం పట్టించిన సింథటిక్ నరం దారం. మనకు వలల దుకాణంలో దొరికే అల్లిన పాలియెస్టర్ దారం చాలు. తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగితే ముడి జారదు. నైలాన్ దారం తడిస్తే సాగుతుంది, అందుకే కట్టుకు అది రెండో ఎంపిక. జనుము, గోగునార కుళ్లిపోతాయి. ఇనుప తీగ తుప్పు పట్టి కట్టెను తినేస్తుంది. స్క్రూ తప్పనిసరి అయిన చోట, అంటే ముక్కు దగ్గర, సీటు దగ్గర, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి.

తొడుగుకు ఏ బట్ట మంచిది?

డబ్బు, సమయం ఎక్కడైనా ధారాళంగా ఖర్చు పెట్టాలంటే అది ఇక్కడే. కట్టెలో పొరపాటు చేస్తే బరువు పెరుగుతుంది, బట్టలో పొరపాటు చేస్తే చెరువు మధ్యలో ఈదాల్సి వస్తుంది.

కాటన్ కాన్వాసు పాత పద్ధతి. కుట్టడం తేలిక, ఆయిల్ పెయింట్ బాగా పడుతుంది. కానీ తడితో కుళ్లుతుంది, ఒకసారి బూజు పడితే బలం సగానికి పోతుంది. చుట్టూ నేత ఊళ్లున్నాయి కదా, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల మీద మందపు బట్ట నేయించొచ్చా అని అడిగేవాళ్లు ఉన్నారు. సరదాకు బాగుంటుంది. నేసేది పత్తి నూలైనంత వరకు తడి బాధ పోదు.

నైలాన్ అన్నిటికన్నా మొండిది. రాపిడికి, దెబ్బకు బాగా ఆగుతుంది. గ్రీన్‌లాండ్ తరహా కయాక్‌లు కట్టే చాలామంది మందపు బాలిస్టిక్ నైలానే వాడతారు. దానికి రెండు లోపాలు. గాలిలోని తేమనే 4 శాతం దాకా పీల్చుకుంటుంది. మే నెలలో డోలు చర్మంలా బిగిసి ఉన్న తొడుగు ఆగస్టుకు ముడతలు పడుతుంది. రెండోది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని త్వరగా పెళుసు చేస్తాయి.

పాలియెస్టర్ తేమను అర శాతం కూడా పీల్చదు, ఎండకు నైలాన్ కన్నా బాగా తట్టుకుంటుంది. మొండితనంలో కొంచెం తక్కువ. ఇంకో సుగుణం, వేడికి ముడుచుకుంటుంది. కుట్టాక మిగిలిన ముడతల మీద ఇస్త్రీ పెట్టె నడిపిస్తే బిగిసిపోతాయి. మన ఎండకు, మన నిశ్చలమైన నీళ్లకు నేను పాలియెస్టరే చెప్తాను. 270 నుంచి 340 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మధ్య, పూత లేని గట్టి నేత బట్ట చూడండి. ఐదు మీటర్ల పడవకు మీటరున్నర పన్నా ఉండే బట్ట ఐదున్నర మీటర్లు పడుతుంది.

లారీ టార్పాలిన్, అంటే పాలియెస్టర్ మీద పీవీసీ పూసినది, వేరే దారి. 600 జీఎస్ఎం పైచిలుకు ఉంటుంది, బరువే. కానీ పూత పని ఉండదు, రాళ్లకు బాగా ఆగుతుంది, అతుకును పీవీసీ జిగురుతో వేయొచ్చు. ఒంపు తిరిగిన చోట మడతలు పడి చూడటానికి అంత బాగుండదు. అందం మీద పట్టింపు లేనివాళ్లకు, పిల్లల చేతికిచ్చే పడవకు ఇదే సరైనది. ధాన్యం మీద కప్పే నీలం పట్టా మాత్రం పనికిరాదు. అది సాగదు, ఎండకు ఒకే వేసవిలో పొడిపొడి అవుతుంది.

ఇక ఫ్లెక్సీలు. ఎన్నికలు అయిపోగానే ఊరంతా ఉచితంగా దొరుకుతాయి, కాదనను. చట్రం ఆకారం సరిగా వచ్చిందా, నీళ్లలో ఎలా కూర్చుంటుందో చూసుకోవడానికి తాత్కాలికంగా చుట్టి, ఒడ్డు పక్కన మొలలోతు నీళ్లలో పరీక్షించడానికి బాగా పనికొస్తాయి. నాయకుడి ముఖం లోపలికి పెట్టాలా, బయటికి పెట్టాలా అన్నది మీ ఇష్టం. అంతకుమించి వాటిని నమ్మకండి. లోపలి దారాలు దూరదూరంగా ఉంటాయి, చిరుగు మొదలైతే ఆగదు.

దుకాణంలో పాలియెస్టర్ అని ఇస్తారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. నైలాన్, పాలియెస్టర్ రెండూ కరిగి గట్టి పూసలా అవుతాయి. నల్లటి మసి పొగ వచ్చి, నల్లని పూస మిగిలితే పాలియెస్టర్. పొగ తెల్లగా, పూస లేత రంగులో ఉంటే నైలాన్.

తర్వాత 30 సెంటీమీటర్ల ముక్క కొలిచి, ఇస్త్రీ పెట్టె కిందపెట్టి మళ్లీ కొలవండి. కొన్ని మిల్లుల్లో బట్టను ముందే వేడి చేసి ముడుచుకోకుండా స్థిరం చేస్తారు. అలాంటిది కొంటే ఇస్త్రీతో బిగించే అవకాశం పోతుంది, కుట్టేటప్పుడే గట్టిగా లాగి కుట్టాలి.

కుట్టడానికి చెప్పులు కుట్టేవాళ్లు వాడే మైనపు పాలియెస్టర్ దారం, వంపు సూది చాలు.

పుట్టికి పూసినట్టు తారు పూస్తే సరిపోదా?

నీళ్లు చొరకుండా ఆపుతుంది, కాదనలేం. కానీ రోడ్లకు వాడే తారు 50 డిగ్రీలు కూడా రాకముందే మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో పెట్టిన నల్ల పడవ ఒళ్లు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. భుజాన పెట్టుకుని మోసే పడవ అది, చొక్కా పోతుంది. కారు మీద కడితే కారు రంగూ పోతుంది. బరువు సంగతి సరేసరి. పుట్టి ఎక్కువగా నీళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ నడుస్తుంది.

ఎపాక్సీ కూడా తొడుగు మీద వద్దు. గట్టిపడ్డాక బట్టతో పాటు వంగదు, గీతలు గీతలుగా పగులుతుంది. పైగా ఎండకు పసుపెక్కుతుంది.

మిగిలినవి రెండు. మొదటిది ఆయిల్ ఎనామెల్ పెయింట్. పాలియెస్టర్ మీద, కాన్వాసు మీద బాగానే పడుతుంది. మొదటి చేతిని కొంచెం పలుచగా కలిపి బట్టలోకి ఇంకనివ్వాలి, ఆపైన మూడు చేతులు. చేతికీ చేతికీ మధ్య పూర్తిగా ఆరాలి. చవక, ఊళ్లోనే దొరుకుతుంది, గీతపడితే మళ్లీ అదే డబ్బాతో దిద్దుకోవచ్చు. కొన్నేళ్లకు ముడతల దగ్గర చిట్లుతుంది. ఎక్కువ సాగే నైలాన్ మీద అయితే ఇంకా ముందే.

రెండోది రెండు డబ్బాల పాలియురేథేన్, పెయింట్ షాపులో 2కె పీయూ అంటారు. సాగుతుంది, రాపిడికి ఆగుతుంది. ఫర్నిచర్ కోసం అమ్మేవాటిలో గాజులా గట్టిపడేవి ఉంటాయి. బట్ట ముక్క మీద పూసి, వారం ఆరనిచ్చి, మడిచి చూడండి. పగిలితే అది వద్దు. ఎండకు తట్టుకునే రకం, బయట వాడేది అని స్పష్టంగా ఉన్నదే అడగండి.

ఈ పీయూ గట్టిపడే డబ్బాలో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చేటు, ఆస్తమా తెప్పిస్తుంది. రుమాలు కట్టుకుంటే చాలదు. రసాయన ఆవిర్లు ఆపే క్యాట్రిడ్జ్ మాస్క్ వేసుకుని, ఆరుబయట నీడలో, చేతి తొడుగులతో పూయండి. స్ప్రే చేయకండి, బ్రష్‌తోనో రోలర్‌తోనో పూయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పూత ఏ కాలంలో వేయాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దున మంచు ఆరాక. వానాకాలంలో గాలి తేమతో ఐసోసయనేట్ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పూత నిండా బుడగలు వస్తాయి. మే నెలలో అయితే కలిపిన పీయూ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. ఏ కాలమైనా కొంచెం కొంచెం కలుపుకోవాలి.

రంగు విషయంలో ఒకటే మాట. తెలుపు, లేత పసుపు, లేత నీలం. చట్రం బయటికి కనిపించేలా పారదర్శకంగా పూయాలని అందరికీ ఆశ ఉంటుంది. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది కూడా. కానీ పారదర్శక పూత గుండా ఎండ నేరుగా బట్ట దారాల మీద పడుతుంది. రంగు పూత వాటికి గొడుగు పడుతుంది.

పడవను ఎక్కడ, ఎలా ఉంచాలి?

నీడలో, గాలి ఆడేచోట, రెండు వెడల్పు పట్టీల మీద బోర్లా వేలాడదీయండి. రేకుల కప్పుకు దగ్గరగా వద్దు. లోపల నీళ్లు మిగలకూడదు. ఎలుకలను మర్చిపోకండి, అవిసె నూనె వాసన వాటికి ఇష్టం.

కొలతలు ఎలా తీసుకోవాలి?

గ్రీన్‌లాండ్‌లో టేపు లేకుండా ఒంటి కొలతలతోనే కట్టేవారు. పొడవు సుమారు మూడు బారలు, వెడల్పు తుంటికి రెండు వైపులా పిడికిలి చొప్పున. అలా కడితే 50, 55 సెంటీమీటర్ల సన్నటి పడవ వస్తుంది, అలవాటు లేనివాళ్లు బోల్తా పడతారు. మొదటి పడవకు 60, 65 పెట్టుకోండి. కూర్చున్నాక బయటికి రావడానికి వీలుగా పైన కూర్చునే నోరు పెద్దదిగా ఉంచండి.

బోల్తా పడితే మునిగిపోతుందా?

కట్టె తేలుతుంది కానీ, నీళ్లు నిండిన పడవ మిమ్మల్ని మోయదు. ముందు, వెనక గాలి సంచులు కచ్చితంగా ఉండాలి. స్కూటర్, కారు ట్యూబులను కొద్దిగా గాలి కొట్టి చివర్లలోకి తోసి, కదలకుండా కట్టేస్తే పని జరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి నిండా కొట్టకండి.

లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి, ఈత వచ్చినా సరే. కృష్ణలో మొసళ్లున్నాయి, ఎక్కడ తిరుగుతుంటాయో స్థానిక మత్స్యకారులను అడిగి వెళ్లండి. జూరాల, సాగర్, శ్రీశైలం గేట్ల దరిదాపుల్లోకి, దిగువ ప్రవాహంలోకి పోవద్దు. పైన వానలు పడితే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియదు. పులుల అభయారణ్యం ఒడ్డున దిగాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

ఖర్చు ఎంతవుతుంది?

ధరలు ఊరికి ఊరికి, నెల నెలకు మారతాయి కాబట్టి అంకె చెప్పను. వాటా చెప్తాను. బట్ట, పూత కలిపి సగానికి పైగా పోతాయి. కట్టె, వెదురు తర్వాత. దారం, మైనం, స్క్రూలు చిల్లర. మాస్క్, లైఫ్ జాకెట్ ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి, చివర్లో డబ్బులు అయిపోయి చాలామంది ఎగ్గొట్టేది అవే.

తెడ్డుకు ఏ కట్టె?

పడవకు కోసిన పైన్‌లో అన్నిటికన్నా తిన్నటి నార ఉన్న ముక్కను మొదటే తెడ్డుకు తీసి పెట్టుకోండి. రెండు వైపులా రెక్కలుండే గ్రీన్‌లాండ్ తెడ్డు పొడవు ఒక బార, ఒక మూర. రెక్క వెడల్పు పిడికిట్లో పట్టేంత, అంటే 8, 9 సెంటీమీటర్లు. మొత్తం ఒకే బద్ద నుంచి రందతో తీయవచ్చు. టేకు తెడ్డు అందంగా ఉంటుంది గానీ గంట సేపు వేస్తే భుజాలు పట్టేస్తాయి. పడవలో టేకు బరువు పర్వాలేదు అన్నాను కదా, తెడ్డుకు ఆ మాట వర్తించదు. దాన్ని ప్రతి పోటుకూ చేత్తో ఎత్తాలి.

చిరిగితే ఏం చేయాలి?

నీళ్ల మీద అయితే చిరుగు చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, మందపు క్లాత్ టేపు అంటించి ఒడ్డుకు రండి. టేపు చుట్ట సీటు వెనకే కట్టి ఉంచుకోవాలి. ఇంటికి వచ్చాక చిరుగు అంచులు దగ్గరికి లాగి కుట్టి, చుట్టూ పూత గీకి, అదే బట్ట ముక్కను చిరుగు కన్నా రెండు వేళ్లు పెద్దదిగా, మూలలు గుండ్రంగా కత్తిరించి, అదే పూతతో అంటించి, పైన ఇంకో రెండు చేతులు పూయండి. పీవీసీ టార్పాలిన్‌కు పీవీసీ జిగురు. అందుకే బట్ట కొనేటప్పుడే అర మీటరు ఎక్కువ తీసుకోండి, పూత డబ్బా అడుగున కొంచెం మిగుల్చుకోండి. 2కె పీయూ అయితే రెండు డబ్బాలూ కలపకుండా, మూత గట్టిగా బిగించి దాచాలి.